పొయ్యి దగ్గరికి ఎవర్నీ రానీవద్దు

సర్‌ప్రైజ్ అనే మాటను మా ఊరికి మోసుకొచ్చింది నేనే. హోసూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీలో ఎవరి పుట్టినరోజు వచ్చినా చెప్పకుండా కేకు తెచ్చి, కళ్లు మూసి తీసుకొచ్చి కోయిస్తారు. అది చూసి చూసి, మనిషిని సంతోషపెట్టాలంటే ముందు దాచిపెట్టాలని నా బుర్రలో పడిపోయింది. ఆ బుర్రను ఇప్పుడు గోడకేసి కొట్టుకున్నా లాభం లేదు.

మా ఊరూ తమిళనాడులోనే, ఉద్దనపల్లికి నాలుగు కిలోమీటర్లు. మా ఊరి చిన్న తెలుగు బడిలో అయిదో తరగతి కలిసి చదివినవాళ్లం పందొమ్మిది మందిమి. ఇప్పుడు సగంమంది హోసూరు కంపెనీల్లో ఉన్నారు, మిగతావాళ్లు టమాటా చేలల్లో, గులాబీ తోటల్లో. అందరినీ ఒక ఆదివారం ఆ బడిలోనే కలపాలని అనుకున్నది ముగ్గురం. నేను, మా వీధి ఐశ్వర్య, ఊరి చివర ఎస్సీ కాలనీలో ఉండే మాదేశ్. కలుసుకోవడం పేరుకే. అసలు పని మద్దమ్మకు సన్మానం చేయడం. మద్దమ్మ మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది. పిల్లలందరికీ ఆమె ఆయమ్మ. మూడేళ్ల క్రితం రిటైరై కాలనీలోనే ఒంటరిగా ఉంటోంది.

షిఫ్టులు వేరుగనుక మా ప్లానింగ్ అంతా హోసూరు బస్టాండు ఎదురు టీకొట్టులో, నా షిఫ్టు అయిపోయి మాదేశ్ షిఫ్టు మొదలయ్యే మధ్యలో జరిగేది. ఐశ్వర్య నోటుబుక్కు పట్టుకుని ఎవరు ఏం చేయాలో రాసుకునేది. మైకు, షామియానా, ఆకులు, కుర్చీలు.

"ఆ పొద్దు ఆయమ్మ కూర్చోవాల, మనం వడ్డించాల. మొదటి ఆకు ఆమెకే," అన్నాను. "వంటకు హోసూరు నుంచి మాస్టర్‌ని తెస్తాం. ఆమెను గరిటె ముట్టనీకూడదు."

"అదంతా సరేరా ధనా," అన్నాడు మాదేశ్. "పెద్దామె కదా, ఇంటికి పోయి ఆకువక్క పెట్టి పిలవాల. పిలవకుంటే ఆమె యాడికీ పోదు."

"ముందే పిలిస్తే సర్‌ప్రైజ్ ఏముందిరా?"

"నీ సర్‌ప్రైజ్ తగలెయ్య. ఊరంతా తెలిసిపోతుంది. అందరికీ పిలుపుండి, ఆమెకు ఒక్కదానికి లేకపోతే ఎట్లుంటాది?"

నేను వినలేదు. వాడి మాటలో న్యాయం తెలియక కాదు. ఆమె ఇంటి గడప దగ్గర నిలబడాలంటే నాకు భయం. ఆ భయం వెనక ఒక గుడ్డు ఉంది.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఆయమ్మ వంటకు చేరింది. వారం తిరగకముందే మా వీధి పిల్లలందరి చేతుల్లోకి టిఫిన్ డబ్బాలు వచ్చాయి. కాలనీ మనిషి వండిన అన్నం మా ఇళ్లవాళ్లకు పనికిరాదు. కారణం అంతే. దాన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. మా అమ్మ పుట్టమ్మ డబ్బా చేతికిస్తూ రోజూ గట్టిగా చెప్పి పంపేది. వరండాలో ఒక పక్క మేము, ఇంకో పక్క మాదేశ్ వాళ్లు. ఆయమ్మ దూరంగానే నిలబడి, "ఈ పొద్దు ఏం కూర నాయనా?" అని మమ్మల్ని పలకరించి పోయేది.

ఒకరోజు డబ్బా మరిచిపోయాను. ఆకలికి ఆగలేక నేనే పోయి గుడ్డు అడిగాను. "వద్దులే నాయనా, మీ ఇంట్లో తిడతారు," అంది. ఏడ్చాను. పెట్టింది. గుడ్డుతోపాటు రెండుసార్లు సాంబారన్నం పెట్టించుకుని తిన్నాను. సాయంత్రానికి ఎవరో ఇంట్లో చేరవేశారు. అమ్మ చీపురు అందుకునేసరికి నా ప్రాణం పోయింది. "ఆయమ్మే బలవంతంగా నోట్లో పెట్టింది," అనేశాను.

మరునాడు అమ్మ బడికి వచ్చి, అందరి ముందూ ఆమెను అనరాని మాటలు అంది. ఆమె తల ఎత్తలేదు. "వాడే అడిగినాడు" అని ఒక్క మాట అంటే తప్పు తనమీద నుంచి పోయేది. అనలేదు. నాకు దెబ్బలు పడతాయని అనలేదు. పదిహేడేళ్లుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ ముందు వరసలో కూర్చుని ఉండగా మైకు పట్టుకుని, అబద్ధం చెప్పింది నేను అని ఒప్పుకోవాలి. అదే నా అసలు ప్లాను. నలుగురి ముందు చెప్పడానికి ధైర్యం చేశానుగానీ, పిలవడానికి పోయి ఆమె ఒక్కదాని ముఖం చూడటానికి ధైర్యం లేకపోయింది. ఆ పిరికితనానికే సర్‌ప్రైజ్ అని పేరు పెట్టుకున్నాను.

శనివారం సాయంత్రం వంటమాస్టర్ అంజనప్ప వ్యానులో వచ్చి బడి వెనక సామాను దింపాడు. ఆయమ్మకు సంగతి తెలిస్తే ఊరుకోదు, వచ్చి పొయ్యి ముందు కూర్చుంటుంది. అందుకని అతనికి రెండుసార్లు గట్టిగా చెప్పాను. "ఊరోళ్లు ఎవరొచ్చినా సరే, పొయ్యి దగ్గరికి రానీవద్దు." చెప్పేసి కుర్చీల కోసం ఉద్దనపల్లికి పోయాను.

ఆదివారం పదిన్నరకు పదిహేడు మంది చేరారు. ఇద్దరు తమ తమ భార్యలతో వచ్చారు, ఒకతి చంటిబిడ్డతో వచ్చింది. రాత్రి షిఫ్టు చేసిన మాదేశ్ ఇంటికి పోకుండా నేరుగా బడికి వచ్చి ఆకులు కడుగుతున్నాడు. వరండాలో ఆయమ్మకు కుర్చీ వేసి, పక్కన బల్లమీద పట్టుచీర పెట్టాం. మా అమ్మ ముందు వరసలో కూర్చుని, "ఎవురికిరా ఆ చీర?" అని అడుగుతోంది. ఐశ్వర్య స్కూటర్ మీద కాలనీకి బయలుదేరింది. రేషన్ కార్డుకు వేలిముద్ర వేయాలని చెప్పి తీసుకురావాలి. అదీ నా ఐడియానే.

పావుగంటలో ఒక్కతే తిరిగివచ్చింది.

"తాళం వేసుంది ధనా. పొద్దున మొదటి బస్సుకే కావేరిపట్టణం కూతురింటికి పోయిందంట. ఈ పొద్దు ఈడ ఉండబుద్ధి కాలేదని పక్కింట్లో చెప్పి పోయిందంట."

పొయ్యి దగ్గర నుంచి అంజనప్ప తల ఎత్తాడు.

"పచ్చ చీర ముసలామెనా? చేతిలో కత్తిపీట?"

"నీకెట్లా తెలుసు?"

"నిన్న మీరు పోయినాక వచ్చింది కదప్పా. నా బిడ్డలంతా వస్తారంట, ఎర్రగడ్డలు తరిగి ఇస్తాను అనింది. మీరు చెప్పినట్టే చెప్పినాను. ఊరోళ్లు ఎవురూ పొయ్యి దగ్గరికి రాకూడదంట అని."

"ఏమనింది?"

"ఎవురు చెప్పినారు అని అడిగింది. ధనశేఖర్ అన్నాను. పుట్టమ్మ కొడుకా అనింది. కత్తిపీట చంకలో పెట్టుకొని పోయింది."

పిలుపు లేకపోయినా ఆమె పంతానికి పోలేదు. తన బిడ్డలు వస్తున్నారని తానే వచ్చింది. అలా వచ్చిన మనిషికి నేను చెప్పించిన మాట అది. మాదేశ్ నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండేది. వాడు తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని బైకు తీశాడు. మైకు కుర్చీమీద పెట్టి, అందరికీ వడ్డించేయమని ఐశ్వర్యకు చెప్పి వెనక ఎక్కాను.

రాయకోట దాటాం. అప్పుడు వాడు ముందుకే చూస్తూ అన్నాడు. "ఆ పొద్దు నువ్వు అడిగి తిన్నది నేను చూసినానురా. నీ ఎదురుగానే కూర్చోనుంటిని."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఆయమ్మ చెప్పొద్దనింది. పసిబిడ్డ, దెబ్బలు తింటాడు అనింది."

కృష్ణగిరి మీదుగా కావేరిపట్టణం చేరేసరికి రెండు దాటింది. ఆమె కూతురింటి వాకిట్లో చింతపండు కుప్ప ముందు కూర్చుని గింజలు తీస్తోంది. మమ్మల్ని చూడగానే ముఖం వికసించింది. అది నటన కాదు. "అయ్యో, ఇంత ఎండలో వచ్చినారే! రాండి, కూర్చోండి," అంటూ చాప పరిచింది.

నేను నేలమీదే కూలబడి అంతా చెప్పాను. గుడ్డు, అబద్ధం, పట్టుచీర, మొదటి ఆకు, ఒకదాని వెంట ఒకటి తడబడుతూ చెప్పాను. ఆమె గింజలు తీస్తూనే వింది.

"పొయ్యి దగ్గరికి రానీవద్దన్నది నీ కోసరమే ఆయమ్మా. ఈ ఒక్కరోజైనా నువ్వు కష్టపడకూడదని."

"ఔను నాయనా," అంది వెంటనే. అంత త్వరగా అనడంలోనే నమ్మలేదని తెలిసిపోయింది. జన్మంతా ఇలాంటి మంచి కారణాలు విని తల ఊపిన మనిషి. "ఆ గుడ్డు మాట నువ్వు మనసులో పెట్టుకోవద్దు. చిన్నబిడ్డవి, భయపడినావు. ఇప్పుడు పెద్దోడివైనావు. మీ ఇల్లు, మీ పద్ధతి మీకుంటాది. నాకేం కోపం లేదు."

నేను చేసిన తప్పును ఆమె ఎప్పుడో మన్నించేసింది. చేయని తప్పును మాత్రం నాది కాదని నిరూపించుకునే దారి లేదు. చీర తెచ్చినా లాభం లేదు, మైకులో అరిచినా లాభం లేదు. ఒక్కటే తోచింది.

"దప్పికగా ఉంది, నీళ్లియ్యి ఆయమ్మా."

లోపలికి పోయి బిందెలోంచి చెంబుతో ముంచుకొచ్చి మాదేశ్‌కు ఇచ్చింది. నేను చెయ్యి చాచాను. "ఉండు నాయనా," అని చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచింది. వెనక నుంచి పిలిచినా ఆగలేదు. మూల కొట్టులోంచి నీళ్లసీసా ఒకటి కొనుక్కుని తిరిగివచ్చింది. దాన్ని నా చేతికి ఇవ్వకుండా, నా ముందు నేలమీద పెట్టింది.

"నాకూ బిందె నీళ్లే కావాల."

"వద్దు నాయనా, ఇవి తాగు," అంది ఎంతో ప్రేమగా. "సీలు అట్లే ఉండాది. మూత నేను ముట్టలేదు, చూడు."

ఏడ్చాను. చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఎంత ఏడ్చినా ఆమె బిందె వైపు కదల్లేదు.