రసూల్ సాబ్‌లో కాగితం లేదు

సిద్దమ్మ చెప్పిందట. సిద్దమ్మకు యార్డులో పత్తి బోరాలు మోసే మరిది చెప్పాడట. వాడికి ఎవరు చెప్పారో వాడికే తెలియదు. యార్డు ఎదురుగా ఉన్న దలాలీ ఆఫీసులో కాగితాలు పోతున్నాయని, అందుకే తాళం పడే ప్రింటు మిషన్ ఒకటి తెప్పిస్తున్నారని, తీసేది ఎవరో అందరికీ తెలిసినా ముసలివాడు కదా అని కడుపులో పెట్టుకున్నారని వీధి కొళాయి దగ్గర నలుగురిలో అనేసి, బిందె చంకనెత్తుకుని పోయిందట.

ఇదంతా జైనాబ్ బీ పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ మొగుడికి చెప్పింది. రసూల్ సాబ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ విన్నాడు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు కాబట్టి గుండీలు పెట్టుకోవడం అతనికి నిదానంగా జరిగే పని.

“ఇంగేమనింది?”

“అన్నీ అనింది. నీ పేరొకటే అనలేదు.”

“నా పేరు ఎవురంటారులే,” అని రొట్టె డబ్బా సంచిలో వేసుకుని బయటపడ్డాడు.

అరవైకి ఒకటి తక్కువ. పొడుగు మనిషి. పొడుగంతా వీపు దగ్గర వంగిపోయింది. గోరింటాకు పెట్టిన గడ్డం అంచుల్లో తెల్లగా బయటపడుతుంది. కోసిగి నుంచి మీసం రాకముందే ఆదోనికి వచ్చి జిన్నింగు మిల్లులో చేరాడు. బేళ్ళ మీద అచ్చురేకు పెట్టి నల్లరంగుతో అక్షరాలు, నెంబర్లు కొట్టేవాడు. చదివింది అయిదో తరగతి తెలుగు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం బొమ్మల్లాగా అన్నీ వచ్చు. ఒక వానాకాలం మిల్లు మిషన్ అతని వేళ్ళు రెండు తీసుకుంది. దలాలీ సావుకారు జాలిపడి ఆఫీసులో పెట్టుకున్నాడు. దానికి ముప్పై ఒక్క ఏళ్ళు.

తలుపు తియ్యడం, ఊడ్చడం, కుండలో నీళ్ళు పట్టడం, టీ తేవడం. కంప్యూటర్లు వచ్చాక ఇంకో పని కలిసింది. ఎనిమిది కంప్యూటర్లకు ఒకటే ప్రింటు మిషన్. ఎవరు మీట నొక్కినా కాగితం అందులోనే పడుతుంది. దాని పక్కన ఒక స్టూలు. వెచ్చగా బయటికొచ్చిన కాగితం ఎవరిదో గీతల తీరును బట్టి కనిపెట్టి వాళ్ళ బల్ల మీద పెట్టాలి. ఏనాడూ ఒకరిది ఇంకొకరికి ఇవ్వలేదు. ఇన్నేళ్ళలోనూ అందరూ పిలిచింది “సాయిబూ” అనే. ఆ పిలుపుకు పలకడం అలవాటై, బజారులో ఎవరైనా ఇంకే దస్తగిరి సాయిబునో పిలిచినా ఇతనే లేచేవాడు.

ఆ హాల్లో అతని నిండు పేరు వినబడింది ఒక్కసారే. రెండేళ్ళ కిందట, సీజన్ ముదిరిన రోజుల్లో. ఒక మిల్లుకు చెప్పాల్సిన పత్తి ధరల పట్టీ ప్రింటు తీశారు. అది మిషన్ మీద పావుగంట ఉంది. మధ్యాహ్నానికి ఆ ధరలు ఎదుటి దలాలీ చేతిలో ఉన్నాయి. బేరం పోయింది. మేనేజరు ఇంద్రసేనయ్య తన గాజు గది నుంచి హాలు మధ్యకు వచ్చి నిలబడి, “రసూల్ సాబ్! జేబులు తియ్!” అన్నాడు.

తీశాడు. ఒక తస్బీ పూసల మాల, దువ్వెన, మనవరాలు సబా కోసం కొన్న రెండు నిమ్మ బిళ్ళలు. ఇంద్రసేనయ్య అంతటితో ఆగలేదు. అన్నం డబ్బా తెరిపించి, రొట్టెను మధ్యకు విరిచి, లోపల కాగితం మడత ఉందేమోనని చూశాడు. అందరూ చూశారు. మిషన్ పక్క కంప్యూటరు దగ్గర కూర్చునే మహేశ్వరి మాత్రం తల వంచుకుంది. సావుకారు తమ్ముడి కొడుకు మనీష్ ఆ పట్టీని సెల్లుతో ఫోటో తియ్యడం ఆమె కళ్ళారా చూసింది. నోరు తెరవలేదు.

మూడు నెలలకు ఆ సంగతి దానంతటదే బయటపడింది. శిక్షగా మనీష్‌ను యెమ్మిగనూరు ఆఫీసుకు పెద్దను చేసి పంపారు. రసూల్ సాబ్‌తో ఎవరూ ఒక మాట అనలేదు. అతను ఎదురుచూశాడు. అతను కోరింది కొండంతేమీ కాదు. అదే హాల్లో, అదే మంది ముందర, అదే గొంతుతో “తప్పైంది రసూల్ సాబ్” అంటే చాలు. రెండేళ్ళు చూశాడు. చూస్తూ చూస్తూ చేతనైన పగ తీర్చుకున్నాడు. అందరికీ ఇచ్చాక, మీగడ కట్టిన టీ మేనేజరుకు ఇచ్చేవాడు. ఆయన కాగితాలు చివరిది పైకి వచ్చేలా తిరగేసి పెట్టేవాడు. అది పగ అని ఆయనకు తెలియదు. అవతలివాడికి తెలియని పగ ఎంత తీర్చుకున్నా తీరదు. ఆ రొట్టె గొంతులోనే ఉండిపోయింది.

తాళం మిషన్ ఆ ఉదయం పది గంటలకు ఆటోలో వచ్చింది. దానితోపాటు దాన్ని బిగించే మంజునాథ్ యెమ్మిగనూరు నుంచి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు, నోరు ఊరుకోదు. పెట్టె విప్పుతూనే మొదలుపెట్టాడు.

“తాళం లేని మిషనంటే తలుపు లేని దొడ్డి మాదిరి సాబ్. లోపల కూసున్నోడిని దోవన పోయేటోడంతా సూస్తాడు. ఇప్పుడు ఒక్కొక్కరికి నాలుగంకెలు ఇస్తా. మీట నొక్కి వచ్చి, ఈడ నిలబడి ఆ అంకెలు కొడితేనే కాగితం బయటికొస్తాది. అంతదాంక లోపలే.”

“అయితే పంచే పని లేదు,” అన్నాడు రసూల్ సాబ్.

మంజునాథ్ వైర్లు బిగించడానికి వంగాడు.

ఆదోనిలో ఉన్న ఎనిమిది కంప్యూటర్లకు, యెమ్మిగనూరులో ఉన్న మూడింటికి మిషన్ కనబడేలా చెయ్యడానికి మధ్యాహ్నం దాటింది. తర్వాత మంజునాథ్ గాజు గది తలుపు కొంచెం తోసి, “సార్, కంప్యూటర్లలో మిషన్‌కు ఒక పేరు కనపడాల. ఏం పెట్టమంటారు?” అని అడిగాడు.

“తొట్లో ఏసి పేరు పెడతాండావా ఏందప్పా? ఏదో ఒకటి పెట్టు,” అన్నాడు ఇంద్రసేనయ్య ఫోను చెవి నుంచి తియ్యకుండా. “దాని సంగతులన్నీ ఆ సాయిబుకు సెప్పు. నాకు కాగితమొస్తే సాలు.”

మంజునాథ్ తిరిగొచ్చి స్టూలు పక్కన గొంతుక్కూర్చున్నాడు. “మీరే సెప్పండి సాబ్. అందరికీ గుర్తుండే పేరు.”

రసూల్ సాబ్ తెల్లటి మిషన్ వంక చూశాడు. కొత్త ప్లాస్టిక్కు వాసన వేస్తోంది. ఒంటి మీద ఒక్క మరక లేదు.

“రసూల్ సాబ్ అని పెట్టు.”

“ఎవురది?”

“నేనే.”

మంజునాథ్ నవ్వబోయి ముసలాయన ముఖం చూసి ఆగిపోయాడు. “మీ సార్ ఏమన్నా అంటే?”

“ఏదో ఒకటి పెట్టమనె గదా. ఇదీ ఏదో ఒకటే.”

మహేశ్వరి వేళ్ళు కీబోర్డు మీద ఆగి, మళ్ళీ కదిలాయి.

“ఇంగొకటి సాబ్. మిషన్‌తో పాటే వచ్చే పాస్‌వర్డు అన్నిటికీ ఒకటే ఉంటాది. మార్చకుంటే పక్కంగడోడు గూడా లోపలికి దూరుతాడు. పన్నెండచ్చరాలు మీకు తోసినవి కొట్టండి. నేను సూడను. పేరు మార్చాలన్నా, అంకెలు మార్చాలన్నా అదొకటే దిక్కు. పోగొట్టుకుంటిరా, అంతా సెరిపేసి రెండూర్లలో మొదట్నుంచి చెయ్యాల. ఒక పొద్దంతా ఆఫీసు మూయాల. సీజన్ల మీ సావుకారు ఒప్పుతాడా?”

అతను గోడవైపు తిరిగాడు. రసూల్ సాబ్ బేళ్ళ మీద మార్కు కొట్టినట్టు ఒక్కొక్క అక్షరం చూసి చూసి నొక్కాడు. పాత ధరల పట్టీ ఒకటి చించి, వెనకవైపు అవే అక్షరాలు రాసుకున్నాడు.

సాయంత్రం మంజునాథ్ బస్సుకు పోయాక, చీటీ పట్టుకుని గాజు గదిలోకి వెళ్ళాడు. ఇద్దామనే వెళ్ళాడు. ఆయన తలెత్తి ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే చాలు, ఆ ‘తప్పైంది’ కూడా అక్కర్లేదు, మిషన్ పేరు కూడా మార్పించేద్దాం అన్నంత దాకా మనసులో దిగొచ్చాడు.

“సార్, మిషన్ పాస్‌వర్డు ఇది...”

“నీకాడే పెట్టుకోలే,” అన్నాడు ఇంద్రసేనయ్య, సెల్లులో ధరలు చూసుకుంటూ. “ఆ, ఇంగొక మాట. రేపట్నుంచి ఎవురి కాగితం వాళ్ళే తెచ్చుకుంటారు. నీకు ఈడ పనేముంది సాయిబూ? నెలాఖరు దాంక రా, సాలు.”

రసూల్ సాబ్ నిలబడ్డాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూసి, తిరిగి తలుపు దాకా వచ్చాడు.

“పోయేటప్పుడు జేబులు సూపిచ్చి పో!” అని వెనక నుంచి నవ్వు వినబడింది. అది సరసమని ఆయన ఉద్దేశం.

హాలు మధ్యకు వచ్చి, సరిగ్గా ఆనాడు నిలబడిన చోటనే నిలబడి, రసూల్ సాబ్ చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. పైనుంచి ఒకసారి తట్టాడు. మహేశ్వరి చూస్తోంది.

“ఆ పొద్దు ఏం లేకున్నా ఎతికిరి తల్లీ. ఈ పొద్దు నిజంగానే ఆఫీసు సొత్తు పోతాంది. ఎతికేటోడు లేడు,” అన్నాడు మెల్లగా.

మర్నాడు ఇంద్రసేనయ్య కంప్యూటరులో మీట నొక్కితే, ఎవరికి పంపాలని అడుగుతూ ఒకటే పేరు కనబడింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మంజునాథ్‌కు ఫోను చేశాడు. “పాస్‌వర్డు సాబ్ కాడుంది, అడగండి సార్,” అన్నాడతను. అడగాలంటే పిలవాలి. పిలిస్తే దేనికో అందరికీ తెలుస్తుంది. ఆయన అడగలేదు. ఇంతలో యెమ్మిగనూరు నుంచి మనీష్ ఫోను, స్పీకరులో: “రసూల్ సాబ్‌కు రెండు కాగితాలు పంపిస్తి, అందినాయా సార్?” హాలంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత అది మాటల్లో పడిపోయింది. రసూల్ సాబ్‌కు పంపు. రసూల్ సాబ్ పలకడం లేదు. రసూల్ సాబ్‌ను అడిగితే వస్తుంది. స్టూలు మీద కూర్చుని అతను మొదటిరోజు నలభై దాకా లెక్కపెట్టి, తర్వాత లెక్క మానేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ స్టూలు అంత మెత్తగా ఎన్నడూ లేదు. ఇంద్రసేనయ్య తన నాలుగంకెలు కొట్టడానికి గాజు గది నుంచి మోకాళ్ళు పట్టుకుంటూ రోజుకు ఇరవైసార్లు వచ్చి, ఆ స్టూలు ముందు వంగి నిలబడాల్సి వచ్చేది. వంగినప్పుడల్లా రసూల్ సాబ్ ఆయన నోటివంక చూసేవాడు. అడిగితే ఇవ్వడానికి చీటీ జేబులోనే ఉంది. టీ కూడా ఆ రోజుల్లో అందరికంటే ముందు, పొగలు కక్కుతుండగా ఆయనకే ఇచ్చాడు.

పదకొండో రోజు శుక్రవారం. తెల్లవారి నమాజుకు ముందు చేతులు కడుక్కోవడానికి చెంబు ముంచి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జైనాబ్ బీ వచ్చి చూసేసరికి చెంబులో నీళ్ళు తొణకలేదు. మనిషి లేడు.

మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి ఇచ్చారు. సావుకారు వచ్చి అయిదు నిమిషాలు నిలబడి పోయాడు. యార్డులో టెండర్లు ఉన్నాయని ఇంద్రసేనయ్య రాలేదు. ముందురోజు ఉతికిన చొక్కా దండెం మీదే ఉంది. సాయంత్రం జైనాబ్ బీ దాన్ని తీసి మడతపెడుతుంటే జేబులో ఏదో గట్టిగా తగిలింది. నీళ్ళలో నాని, ముద్దయి, ఎండిపోయిన కాగితం. మీద ఒక్క అక్షరం లేదు. పారేయబోయి, మళ్ళీ ఆ జేబులోనే పెట్టింది.

సోమవారం పదకొండింటికి ఎనిమిది కంప్యూటర్లలోనూ ఒకేసారి రాత వచ్చింది: “రసూల్ సాబ్‌లో కాగితం లేదు.” పెట్టేవాళ్ళు లేరు. స్టూలు ఖాళీగా ఉంది. మిషన్ మీద ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది.

ఇంద్రసేనయ్య గాజు గది నుంచి బయటికి వచ్చాడు. “సచ్చినోడి పేరు మిషన్‌కు ఏంటికి? మీట నొక్కినప్పుడల్లా సూడలేక సస్తాండా. తీసెయ్యండి దాన్ని. ఆ పాస్‌వర్డు యాడ పెట్టినాడు?”

మహేశ్వరి ఈసారి తల వంచుకోలేదు.

“జేబులో పెట్టుకోని పోయినాడు సార్. పోయి తీపియ్యండి, ఆ పొద్దు తీపిచ్చినట్ల.”