కుడి పక్క కనపడని కెమెరా

తుపాకీ లేకుండా ఈ మునెల్లా కొండ మీద ఏ మగాడు నడిచాడు గనక, తోడేళ్ళున్నాయి, ఎలుగులున్నాయి, తుపాకీ కనపడగానే మనిషిని అనుమానిస్తే ఎలా, అని లింక్స్‌ల లెక్క తీయడానికి వచ్చిన దఫీనా తనకు తానే సర్దిచెప్పుకుంటూ, ఎదుట ఏది కదిలినా దానంతటదే ఫొటో తీసే ట్రాప్ కెమెరా బుల్లి తెర మీద ఆ ఫొటో మళ్ళీ చూసింది, ఎడమ భుజాన తుపాకీతో ప్రెంగ్ బాబాయ్, కుడి భుజం మాత్రం ఏదో బరువుకి కుంగిపోయి, ఆ బరువేమిటో ఈ కెమెరాకి కనపడదు, అందుకే గదా బాటకి అటొకటి ఇటొకటి కట్టేది, లింక్స్ అంటే పెద్ద అడవిపిల్లి, దాని మచ్చలు ఎడమ పక్క ఒకలా, కుడి పక్క ఒకలా ఉంటాయి, రెండు పక్కలూ చూస్తేనే ఇది ఫలానాది అని తేలేది, దీని ముందు ఫొటోలో ఆ తల్లి లింక్స్, కొండ మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క తల్లి, వెనకాలే దాని పిల్ల, తర్వాత బాబాయ్, ఆ తర్వాత పిల్ల ఒక్కటే, ఒక్కటే ఎందుకుంది, తిను బిడ్డా, చీపురుపుల్లలా ఉన్నావు, ఆ టిరానా పట్నంలో మీకు తిండి పెట్టరా ఏంటి, అని ఎదురుగా రాతి మీద కూర్చుని రొట్టె విరుస్తున్నాడు ఆ బాబాయే, జున్ను ముక్క పెట్టి మరీ ఇస్తున్నాడు, ఆ రెండో కెమెరా డబ్బా ఎక్కడికీ పారిపోదు, ముందు తిను, చూశాక తినవు.

చూశాక తినవు అన్నాడు, అంటే, చేతిలో రొట్టె అలాగే ఉంది, బాట దాటి రెండో కెమెరా తెరిచింది, బాబాయ్ కుడి భుజాన వేలాడే తల, చెవుల కొసల నల్ల కుచ్చులు, తొడ మీద తాను కళ్ళు మూసుకుని కూడా గీయగల ఆ మచ్చల వరుస, అదే, ఆ తల్లే, నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలయ్యాయి, తను ఇతని ఇంట్లోనే పడుకుంది, ఇతని పొయ్యి దగ్గర చలి కాచుకుంది, పైగా ఫొటోలో మొహమైనా తిప్పుకోలేదు, సూటిగా కెమెరాలోకే చూస్తున్నాడు, ఇంకొకడైతే డబ్బా పగలగొట్టి వాగులో పారేసేవాడు, ఎందుకు పారెయ్యలేదు బాబాయ్, అని అరిచేసింది, అదేం మాటమ్మా, నీ డబ్బాల మీద ఎవరి చెయ్యీ పడనివ్వనని నీకు బెసా ఇచ్చాను, ప్రాణం పోయినా తప్పని మాట, ఇచ్చిన మాట మింగేవాణ్ణా నేను, అది నా మేకల్ని తినింది, కొట్టాను, నువ్వు డబ్బాలకి మాట అడిగావు, ఇచ్చాను, పిల్లికి అడిగావా.

అడగలేదు, నిజమే, ఇనప డబ్బాలు భద్రమైతే చాలనుకుంది, ఏడుపొస్తోంది, ఆ మొహాన ఉమ్మెయ్యాలనుంది, ఉమ్మితే లేచి వెళ్ళిపోతాడు, మళ్ళీ గడప తొక్కనివ్వడు, పిల్ల ఇంకా ఈ చుట్టుపక్కలే తిరుగుతోంది, రేపు ఆకలేస్తే అదీ మేకల దొడ్డికే వస్తుంది, కొండంతా వెతికినా ఇచ్చిన మాట కోసం తన మీదికే సాక్ష్యం ఇలా భద్రంగా దాచిపెట్టే మనిషి ఇంకొకడు దొరకడు, పిల్లకి కాపలా పెట్టాలంటే దాని తల్లిని చంపినవాణ్ణే పెట్టాలి, దఫీనా వచ్చి అతని పక్కన కూర్చుంది, అతనిచ్చిన ఆ రొట్టె కొరికింది.