మార్లీన్ సొంత కాపీ

డిలన్‌ను పూడ్చి వచ్చిన మధ్యాహ్నం, వాడి తల్లి వెర్నా తమ ఇంట్లో ఒక పుస్తకం తెచ్చి మార్లీన్ చేతిలో పెట్టింది.

"ఇంకో పిల్లాడికివ్వండి టీచరమ్మా. మావాడు పుస్తకం పట్టడం నేనెన్నడూ చూళ్ళేదు. మన కలప మిల్లు ఫొటోలున్నాయని దీన్ని మాత్రం భోజనం దగ్గర కూడా వదిలేవాడు కాదు."

అది మార్లీన్ తయారుచేసిన పుస్తకమే. ఆమె కాలేజీలో కరెంటు పని పాఠాలు చెబుతుంది. బొగ్గు గనులు మూతపడ్డ ఊళ్ళో పుస్తకాలు కొనేదెవరు? అందుకే, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని రాసినవాళ్ళే వదిలేసిన పుస్తకాన్ని నెట్‌లో వెతికి పట్టుకుంది. వేసవంతా కూర్చుని, ఊరి మిల్లు ఫొటోలు చేర్చి తన సొంత కాపీ తయారుచేసి, పిల్లలకు ఉచితంగా పంచింది. ఎంత మురిసిపోయిందో! తన కంపు తనకింపు.

తర్వాత అసలు పుస్తకంవాళ్ళు ఒక దిద్దుబాటు పంపారు. నా కాపీ వేరు కదా అని ఈ మహాతల్లి తెరిచైనా చూడలేదు. డిలన్ పోయాక తెరిచింది. తీగలో కరెంటు లేదని టెస్టర్ చెబితే నమ్మేముందు, కరెంటున్న చోట పెట్టి ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. ఆ ముక్క పాతదాంట్లో జారిపోయింది, వాళ్ళు చేర్చారు. ఈమె కాపీలో లేదు. తరగతిలో నోటితో చెప్పిందిగానీ, ఆ రోజు మంచు పడి డిలన్ రాలేదు. మర్నాడు వాడితో "అంతా పుస్తకంలో ఉంది, చదువుకో" అంది. మిల్లులో పనిచేసేటప్పుడు వాడి టెస్టర్ పాడైపోయి ఉంది; కరెంటు లేదనుకుని తీగ ముట్టుకున్నాడు.

ఇప్పుడు నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. పిల్లలకు ఉచిత పుస్తకాలూ పోతాయి.

వంటింట్లో మిల్లు మేస్త్రీ రస్ కోడికూర తింటూ ఎవరితోనో అంటున్నాడు: "మంచోడేగానీ తొందరెక్కువ. నేర్పినట్టు చేసుంటే బతికేవాడు."

వెర్నా కళ్ళు దించుకుంది. అది చూసి మార్లీన్ ఓర్చుకోలేకపోయింది.

"తప్పు ఈ పుస్తకంలో ఉంది వెర్నా. నేను దిద్దలేదు."

"అంటే మావాడు ఇందులో ఉన్నట్టే చేశాడా?"

"అక్షరం తప్పకుండా."

వెర్నా పుస్తకం లాగేసుకుని గుండెకు అదుముకుంది. రెండో చేత్తో మార్లీన్ మణికట్టు పట్టుకుంది.

"పద. ఆ మాట వాళ్ళ ముందు చెప్పు."

వెర్నా చెయ్యి వదలకుండా మార్లీన్‌ను వంటింట్లోకి ఈడ్చుకుపోయింది.