అరువు గుండీ

అరువు తెచ్చుకున్న వస్తువుకు పూజ చేస్తే ఆ పుణ్యం ఎవరికి చెందుతుంది? ఈ అనుమానం నన్ను చాలా ఏళ్లుగా పట్టుకుని ఉంది. పురాణం చెప్పే పంతులుగారిని అడుగుదామనుకుంటాను. ఇంత చిన్న విషయమా అని నవ్వుతారేమోనని ఊరుకుంటాను.

ఆ వస్తువు ఒక ఇత్తడి గుండీ. మా ఆయన జగ్గారావు ఖరగ్‌పూర్ యార్డులో బళ్ల కింద వంగి చక్రాలూ బ్రేకులూ చూసే పని చేస్తారు. టార్చిలైటు పెట్టుకోడానికి ఆయన నడుం బెల్టుకు తోలు తొడుగొకటి ఉంటుంది. మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు దాని టిచ్ బటన్ ఊడిపోయింది. అప్పటికే బండి వచ్చే వేళ. పక్కనే పనిచేస్తున్న జ్ఞానప్రకాశం అన్నయ్య తన యూనిఫాం కోటు గుండీ ఒకటి పుటుక్కున తెంపి, తొడుగుకు కుట్టి, మూతకు చాకుతో కాజా కోసి ఇచ్చాడు. "మళ్లీ ఇచ్చీ బావా" అన్నాడట. మేం ఇవ్వలేదు. ఏటేటా దసరాకి సుత్తితో పాటు ఆ తొడుగునూ దేవుడి ముందు పెట్టి, గుండీకి కుంకుమబొట్టు పెట్టడం మాత్రం మానలేదు.

ఈ మాఘమాసంలో మంచు పట్టి విడవలేదు. ఇంజన్ల ఆవిరి వచ్చి అందులో కలిసేది. ఏది మంచో ఏది ఆవిరో తెలిసేది కాదు. కూతలు వినబడేవి, బళ్లు కనబడేవి కావు. క్వార్టర్ల వీధిలో మనుషులు నడుస్తుంటే నీళ్ల అడుగున నడుస్తున్నట్టుండేది.

అలాంటి ఒక పొద్దున ఆయన డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయారు. టార్చి అద్దం పగిలి ఉంది.

"ఏటైందండీ?"

"వంగినాను. ఇది జారి పట్టాల మద్దెన పడిపోయింది. తీద్దామని సెయ్యెట్టినాను. బండి కదిలింది."

నీళ్ల చెంబు అందించి ఆయన చేతులు తిప్పి చూశాను, దెబ్బ లేదు.

తొడుగు తీసి చూశాను. గుండీ గట్టిగానే ఉంది. కాజాయే సాగి నోరు తెరిచింది. చుట్టూ కుడదామని సూది గుచ్చితే పాత తోలు అట్టముక్కలా చిట్లింది.

ఆ మధ్యాహ్నమే జ్ఞానప్రకాశం అన్నయ్య వచ్చాడు, చంకలో కోటుతో.

"సెల్లెమ్మా, శనివారం నా రిటైరు. దండేస్తారట. నువ్వూ బావా రావాల."

"ఆ కోటేటన్నయ్యా?"

"సుజాతమ్మ ఇస్త్రీకి ఇచ్చి రమ్మంది. ఇదిగో సూడు." సుజాతమ్మ అతని భార్య. కోటు విప్పి చూపించాడు. ఇత్తడి గుండీల వరసకు నడుమ ఒక పిన్నీసు. "పాత రైలు కంపెనీ నాటి అక్షరాల గుండీలు. ఖరిదా బజారంతా తిరిగినాను, జత లేదు. పోనీలే, దండ కింద ఎవుడికి కనబడతాది?"

తన గుండీ ఇమ్మని మాత్రం అనలేదు. వెళ్తూ వెళ్తూ, "నా గుండీకి ఏటేటా బొట్టెడతావట గదా? మా పాస్టరుగారికి తెలిస్తే దానికి మళ్లీ బాప్తిస్మం ఇచ్చీమంటారు!" అని నవ్వాడు. ఆ నవ్వు మంచులో కాసేపు వినబడుతూనే ఉంది.

లోపలికి వచ్చి ఆయనతో అన్నాను. "గుండీ ఇచ్చీద్దామండీ."

"వద్దే. అది వచ్చినకాణ్ణుంచి నా ఒంటి మీద గీటు పడలేదు. దేవుడి బొట్టు పడ్డ గుండీ అది."

"మరి పొద్దున్న?"

"అది గుండీ తప్పు కాదు. కాజాది."

"అయితే కాజాతో పని లేకండా మూసీ దారి సూస్తాను. అది గట్టిగా నిలబడితే గుండీ ఇచ్చీడమే."

"డూటీకెళ్లీ లోపల అవ్వాల మరి" అని దుప్పటి కప్పుకున్నారు.

తొడుగు ఒళ్లో పెట్టుకుని దేవుడి దగ్గర కూర్చున్నాను. దారి చూస్తానని అన్నానే గానీ ఏ దారీ తోచలేదు. దీపం వైపు చూస్తూ చూస్తూ కునుకు తీశాను. కిటికీలోంచి మంచు ఇంట్లోకి వచ్చి నేలంతా పరుచుకుంది. అందులోంచి, పోయిన మా మామగారు తన రైల్వే చేతి లాంతరు పట్టుకుని నడిచి వస్తున్నారు. మనిషి కనబడడు, వెలుగొక్కటే. ఆ వెలుగు పైకి లేచింది, కిందికి దిగింది. ఆయన వెనక పెద్ద బండి ఒకటి చప్పుడు లేకుండా ఆగిపోయింది.

కళ్లు తెరిచేసరికి దీపం కొడిగట్టి ఉంది. వత్తి ఎగదోశాను. అప్పుడు తట్టింది.

మామగారి లాంతరు అటక మీదే ఉంది. దానికోసం ఆయన దాచుకున్న కొత్త వత్తి కూడా ఉంది. వేలెడు వెడల్పున బిగువుగా నేసిన నూలు పట్టీ అది. కొవ్వొత్తి మైనం పట్టించి, మా అమ్మ తన వక్కాకుల సంచికి వేసుకునే ముడి వేశాను. ఉసిరికాయంత ముడి తయారైంది. గుండీ కుట్లు విప్పి, దాని చోట ఈ ముడి కుట్టాను. మూతకు చిట్లిన చోటు వదిలి, పై నుంచి వత్తితోనే ఉచ్చు కుట్టాను. ఉచ్చు ముడి మీదుగా లాగి వదిలితే దాని మెడ చుట్టూ బిగుసుకుంది. లోపలి బరువు లాగేకొద్దీ ఇంకా బిగుస్తోంది.

ఆయన లేచి బెల్టు కట్టుకుని, టార్చి పెట్టి, పెరట్లో వంగారు, లేచారు, ఒంటికాలి మీద గెంతారు.

పక్కింటి చిలకమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏటి బావా, కుంటాట ఆడతన్నావా?"

"ఓసి, ఇది రైల్వే పరీచ్చే!"

టార్చి జారలేదు. ఆయన ముడిని వేలితో తడిమారు.

"మా అయ్య లాంతరు వత్తి గదూ?"

"అవునండి."

ఆయన చాలాసేపు దాన్ని తడుముతూనే ఉన్నారు. తరవాత గూట్లో నేను పెట్టిన గుండీ తీసి నా చేతిలో పెట్టారు. "పట్టికెళ్లి ఇచ్చీ. ఇకనుంచి మా అయ్య పట్టుకుంటాడు."

జ్ఞానప్రకాశం అన్నయ్య ఇంటి అరుగు మీద కూర్చుని కోటుకు గుండీ కుట్టాను. పక్కన మిగతావి తళతళలాడుతున్నాయి. దీని అక్షరాల గాడుల్లో మాత్రం ఏళ్ల నాటి కుంకుమ.

"తుడిసీమంటావా అన్నయ్యా?"

"పిన్నీసు కన్నా బాగుంది. ఉండనీ."

దారం కొరికి, ఎన్నాళ్లనుంచో ఉన్న ఆ మాట అడిగేశాను. "ఇన్నేళ్లు దీనికి సేసిన పూజ... పుణ్యం ఎవరిది అన్నయ్యా?"

అతను నవ్వలేదు. మంచులో కనబడని యార్డు వైపు చూశాడు. "నాకు తెల్దు సెల్లెమ్మా. బళ్లు మాత్రం నేనూ బావా ఇద్దరం కలిసే సూసినాం."

కోటు తొడుక్కుని కింది నుంచి పైకి గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. నడుమ దగ్గర అతని బొటనవేలు అలవాటుగా పిన్నీసు కోసం వెతికింది. గుండీ దొరికింది. పెట్టుకున్నాడు.