దారి తెలిసిన పిల్ల

మంచినీళ్ళ సీసాలు, బిస్కెట్ పొట్లాలు పట్టుకుని దేవీప్రసాద్ కొట్టు నుంచి తిరిగి వచ్చేసరికి, కొండ మొదట్లో అతని కూతురు భాను, గైడు కనక నేల మీదికి వంగి కూర్చుని ఉన్నారు. అతన్ని చూడగానే కనక లేచి, మట్టిలో దేన్నో కాలితో చెరిపేసింది. భాను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటి విశేషం?" అన్నాడు.

"ఏటీ నేదు బాబూ, ఆడోల్ల మాటలు," అంది కనక. "బేగి నడండి, ఎండెక్కిపోతాది. మీ గుంటని ముందు నడవనియ్యండి. నాను ఎనకాల వస్తాను."

చిన్న కొండే. అరకు చూడడానికి పిల్లలతో వచ్చేవాళ్ళని కనక దీని మీదికే తీసుకెళ్తుంది. కాఫీ తోటలోంచి నడిచి, గెడ్డ అనే చిన్న వాగు దాటి, పైన బండ దాకా ఎక్కి, మధ్యాహ్నం భోజనానికి దిగిపోవచ్చు.

దేవీప్రసాద్‌కి మాత్రం ఈ కొండతో పెద్ద పని పడింది. భార్య సౌందర్యా అతనూ విడిగా ఉండబట్టి ఏడాది దాటింది. నెలలో ఒక్క రోజు భాను అతనిది. క్రిస్మస్ సెలవులన్నీ తన దగ్గర ఉంచమని అడిగితే, "దాన్నే అడుగుతాను. మీరు అరకు నుంచి బయల్దేరే ముందు ఫోన్ చేస్తా. అదేమంటే అదే," అంది సౌందర్య. అంచేత ఈ రోజు బాగుండాలి. బాగుండేలా చెయ్యడం తనకి చేతనవుతుందా అన్న అనుమానం పొద్దున్నే అతనితో పాటు కారెక్కింది.

గుద్దుకున్న కార్లు చూసి ఇన్సూరెన్సు కంపెనీకి రిపోర్టులు రాయడం అతని ఉద్యోగం. సొట్టని చూసి దెబ్బ ఎటు నుంచి తగిలిందో చెప్పగలడు. యజమాని చెప్పే కథ వింటున్నట్టే ఉంటాడు గానీ వినడు. ఆ కళ్ళు ఇంటికి కూడా తెచ్చుకుంటాడని సౌందర్య అనేది.

దారి రెండుగా చీలిన చోట భాను ఆగలేదు. పుట్ట పక్క సన్నటి బాటలోకి తిరిగిపోయింది.

"ఆగమ్మా, అటు కాదేమో."

"ఇటే నాన్నా."

వెనక్కి చూశాడు. కనక దూరంగా, పట్టనట్టు పైటచెంగుతో మెడ తుడుచుకుంటోంది. కాదనలేదు.

"ఇప్పుడు పెద్ద పనసచెట్టొస్తుంది," అంది భాను.

వచ్చింది. దాని మొదట్లో ఎండినవీ పచ్చివీ ఆకు రెమ్మలు కుప్పగా పడి ఉన్నాయి. భాను పొదలోంచి రెండు రెమ్మలు తుంచి, ఒకటి కుప్ప మీద వేసి, రెండోది అతని చేతికిచ్చింది.

"వెయ్యి నాన్నా. వేస్తే కాళ్ళు నొప్పెట్టవు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఊరికే."

ఆ 'ఊరికే' అతనికి కొత్త కాదు. అది సౌందర్య మాట. ఇంత ఆలస్యమేమిటంటే, ఊరికే. ఫోన్లో ఎవరితో నవ్వుతున్నావంటే, ఊరికే. రెమ్మ వేశాడు. వేసింది చెయ్యి ఒక్కటే. చెట్టొస్తుందని ముందే తెలియాలంటే ముందే వచ్చి ఉండాలి. దసరా సెలవుల్లో అమ్మ ఫ్రెండ్స్‌తో పిక్నిక్‌కి వెళ్ళామంది కదూ! సౌందర్య ఆఫీసులో ధనుంజయ్ అని ఒకడున్నాడు. ఆ పేరు అవసరం లేని చోట ఒకటి రెండుసార్లు వినబడింది.

గెడ్డ దగ్గర భాను వెనక్కి తిరిగి, "రెండో రాయి కదుల్తుంది, దాని మీద కాలు పెట్టకు," అని హెచ్చరించింది.

అతను కావాలనే దాని మీద కాలు పెట్టాడు. కదిలింది. బూటు నిండా నీళ్ళు.

"చెప్పానా!" భాను పకపకా నవ్వింది. ఈ ఏడాదిలో అంత నవ్వు అతను చూడలేదు. చూస్తూనే, ఈ నవ్వు ఇంతకు ముందు ఇదే రాయి మీద ఇంకెవరికి దక్కిందో అనుకున్నాడు.

కనక కాఫీ పళ్ళు కోస్తున్న ఆడవాళ్ళతో కబుర్లలో పడింది. తండ్రీ కూతుళ్ళు అవతలి ఒడ్డున కూర్చున్నారు. అతను బిస్కెట్ పొట్లం విప్పాడు. ఎవరితో వచ్చావని అడిగితే మనిషి మూసుకుపోతాడు. తెలిసినట్టే అడగాలి.

"కిందటిసారి కూడా నీళ్ళు ఇంత చల్లగా ఉన్నాయా?"

భాను నమలడం ఆపింది. "కిందటిసారా?"

"అమ్మతో వచ్చావుగా. నాకు తెలుసులే. కోప్పడను."

"నేను రాలేదు నాన్నా."

"మరి రాయి కదుల్తుందని ఎలా తెలిసింది?"

భాను పెదాలు బిగించుకుంది. అతనికి అది చాలు. ఎవరో చెప్పొద్దన్నారు, పిల్ల మాట నిలబెట్టుకుంటోంది.

"అమ్మ కాక ఇంకెవరొచ్చారు? ఒక అంకులా?"

భాను చేతిలో బిస్కెట్‌ని చాలాసేపు చూసింది. "ఊ."

"కళ్ళజోడుంటుందా?"

"ఊ, ఉంటుంది."

"కార్లో వచ్చారా? ఏ రంగు కారు?"

భాను చూపు అటూ ఇటూ తిరిగి, పక్కన కాఫీ కొమ్మ మీద పండిన పళ్ళ దగ్గర ఆగింది. "ఎరుపు," అంది. "ఇంక వెళ్దామా నాన్నా?"

దొరికింది. బాధ కంటే ముందు ఒక తృప్తి కలిగింది. ఇన్నాళ్ళూ నీదంతా పిచ్చి అన్నవాళ్ళందరి ముందూ గెలిచినట్టుంది. కింద లోయలో వలిసె చేలు పసుపుపచ్చగా పరుచుకున్నాయి. ఎక్కడో రైలు కూసింది. అతను మాత్రం సౌందర్యతో ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాడు. ఆ తర్వాత ఏమొస్తుందో భాను ముందుగా చెప్పలేదు. ఒకసారి, కాళ్ళు నొప్పెడుతున్నాయంది.

బండ మీద కూర్చున్నాక కనక వచ్చి కలిసింది.

"ఏటి బాబూ, మీ గుంట దారి తప్పించిందేటి?"

"ఎందుకు తప్పిస్తుంది? ఇంతకు ముందు వచ్చిందే కదా."

"ఎక్కడొచ్చింది! పొద్దున్న నానే కదా మట్టిలో గీసి సూపించినాను. పనసచెట్టు, రెమ్మెయ్యడం, కదిలే రాయి, అన్నీని. దారి పిల్లలకి సెప్పీసి, పెద్దోల్లకి సెప్పొద్దంటాను. అలాగైతే ఎత్తుకోమని ఏ గుంటా ఏడవదు. ఆల్లే మిమ్మల్ని లాక్కొచ్చీస్తారు." భాను వైపు తిరిగి, "ఏటే, నాన్నకి సెప్పీసినావా?" అని గద్దించింది.

"లేదు," అంది భాను. "చెప్పలేదు."

కనక పడీ పడీ నవ్వి, పుల్లలేరుకోవడానికి అటు వెళ్ళింది.

దేవీప్రసాద్ తడిసిన బూటు వైపు చూస్తూ కూర్చున్నాడు. అంకుల్‌ని ఇచ్చింది తను. కళ్ళజోడు ఇచ్చింది తను. కారూ తనిచ్చిందే. రంగు ఒక్కటే పిల్లది.

"ఎర్ర కారు..." అన్నాడు.

"నువ్వు అడుగుతూనే ఉన్నావు కదా," అంది భాను, చిన్న రాయి తీసి లోయలోకి విసురుతూ.

స్కూలు బాగుందా అంటే బాగుందంది. నాన్న గుర్తొస్తాడా అంటే వస్తాడంది. ఈ ఏడాదంతా తను దాచుకున్న ఆ జవాబుల్లో కాఫీ పళ్ళు చూసి చెప్పినవి ఎన్నో!

దిగేటప్పుడు అతను ఏమీ అడగలేదు. అడగకుండా నడవడం ఎక్కడం కంటే కష్టంగా ఉంది. కనకకి వీడ్కోలు చెప్పి కారెక్కగానే ఫోన్ మోగింది. భాను అందుకుంది.

"బాగుందమ్మా... ఊ. లేదు, మేమిద్దరమే... కనక ఆంటీ అని, గైడు... పెద్దావిడేనమ్మా." కాసేపు విని, కిటికీ వైపు తిరిగింది. "సెలవులకా? ఊ. నాన్న దగ్గరికే వెళ్తాను."

ఫోన్ ఒళ్ళో పెట్టుకుని అద్దంలోంచి బయటికి చూస్తోంది. కోరుకున్న జవాబే. ఈ 'ఊ'కీ గెడ్డ దగ్గరి 'ఊ'కీ తేడా అతనికి తెలియలేదు. నిజంగానా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే నిజంగానే అంటుంది. అది కూడా అతనికి తెలుసు.

మాట మింగి కారు స్టార్ట్ చేశాడు. రోడ్డు ఎక్కే చోట ఆపి, "ఎటు వెళ్దాం?" అన్నాడు.

భాను అతని ముఖంలోకి చూసింది. ఏ జవాబు కావాలో వెతుకుతోంది. అతను ముఖం రోడ్డుకేసి తిప్పుకున్నాడు.

"ఎడమకి," అంది చివరికి.

ఇంటి దారి కుడివైపు. అతను ఎడమకి తిప్పాడు.