ఇంగిలాయి జోడు

అరచేతిలో జిగురు... కడిగినా పోని జిగురు.

కోదాడ దాటాక ఉన్న చేపపిల్లల కేంద్రంలో, ఊర్మిళ మూడోసారి సబ్బు అందుకుంది.

తొట్టిపై గొట్టంలోంచి సన్నని తుంపర — వాన అని చేపలను నమ్మించే తుంపర.

మూడు రోజుల కిందట పాలకీడు నుంచి, అక్కడి చెరువులో చేపలు పట్టే ఐలన్న బిందెలో రెండు ఇంగిలాయిలను తెచ్చాడు. మీసాల చేపలు. ఎండిన చెరువు బురదలోనూ బతికినవి. పొలాల మందునీళ్లకు మాత్రం తాళలేకపోతున్నవి.

"మా చెర్ల ఇగ గీ జోడే దొరికింది మేడమ్. పనైనంక రెండిట్ని మళ్ల ఇస్తరు గద?"

"ఇస్తాం ఐలన్నా. రెండూ ఇస్తాం."

రెండూ — ఆ మాట అంటున్నప్పుడే ఆమెకు తెలుసు.

ఆడదానికి హార్మోన్ సూది చాలు. పొట్ట నిమిరితే గుడ్లు జారుతాయి. మగదాని పొట్ట ఎంత నిమిరినా ఏమీ రాదు. కోయాలి. లోపలి వీర్యపు సంచిని తీసి, నలిపి, గుడ్లపై కలపాలి.

చెబితే అతడు ఇవ్వడు. ఇవ్వకపోతే ఆ చెరువు జాతే మిగలదు.

అలా తనకు తాను చెప్పుకుంది... చక్కగా చెప్పుకుంది.

కత్తెర ఆనగానే మగది రెక్కలోని విషపు ముల్లు గుచ్చింది. వేలు మండింది.

మండనిచ్చింది.

ఈ ఉదయం గుడ్లు పిల్లలయ్యాయి. వేలకొద్దీ... తొట్టి అడుగున కదిలే వెంట్రుక ముక్కలు.

అంతలోనే బిందెతో ఐలన్న.

ఆడదాన్ని బిందెలో వదిలింది. దాని పక్కన, కేంద్రంలోనే మేత తిని పెరిగిన వేరొక మగదాన్ని వదిలింది.

అతడు బిందెలో చెయ్యి పెట్టాడు. తడిమాడు. ఆగాడు.

మళ్లీ తడిమాడు.

"మూడు దినాలకే బలిసిండు మేడమ్ మావోడు! ఇంకో వారం ఉంచితే నన్నే గుర్తువట్టకపోతుండె."

నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

"ఐలన్నా..."

"చెప్పున్రి."

నాలుక చివర ఉన్న మాట... మరో మాటగా బయటికొచ్చింది.

"బిందెను కాసేపు చెరువులో ఉంచి, అప్పుడు వదులు. నీళ్లు అలవాటవుతాయి."

"గట్లనే."

బిందె మూతికి తడిగుడ్డ కట్టాడు. గేటు దాకా ఆమె వెంట నడిచింది. నేరేడుచర్ల ఆటో ఎక్కి, బిందెను ఒళ్లో పెట్టుకుని, గుడ్డ మీదికి వంగాడు.

"మెల్లగ, అల్లుడా. మా ఊరు నీకు కొత్త గద."

ఆటో కదిలింది.

ఊర్మిళ ముఖం మీద ఇందాకటి నవ్వు అలాగే ఉంది — ఎక్కడ దించుకోవాలో తెలియని నవ్వు...