తథాస్తు దేవతలు విన్న వాక్యం

నేను ఒక వైర్‌లెస్ సెట్‌ని. విశాఖ చేపల రేవులో అందరూ నన్ను సెట్టు అంటారు. ఇటుకంత ఒళ్లు, మెలికల తీగ చివర మైకు, పైన పొడుగాటి ఏంటెనా. నన్ను బిగించిన చేతులు ఏ దేశానివో నాకు తెలియదు. బిగించారు, పరీక్షించారు, డబ్బాలో పెట్టి మూసేశారు. మళ్లీ వెలుగు చూసింది ఈ రేవులోనే.

మొదటి యజమాని నాకు పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు, దండ వేశాడు. మాట్లాడటానికి మాత్రం ఒప్పుకోలేదు. తనకు చేపలు ఎక్కడ దొరుకుతున్నాయో పక్క పడవలవాళ్లు వినేస్తారని భయం. మాటను మోయడానికి పుట్టినదాని నోరు మూసి పూజ చేయడం మనుషులకే చేతనవుతుంది. చివరకు పడవతోపాటు నన్నూ అమ్మేశాడు. కొత్త యజమాని గట్టు దిగేవాడు కాదు. పడవ నడిపేది కొర్లయ్య. ఇంజను చూసేది అతని బావమరిది ఎర్రయ్య. అలా నేను కొర్లయ్య చేతికి వచ్చాను.

ఏటా వేసవిలో వచ్చే చేపల వేట నిషేధం రోజుల్లో పడవలన్నీ రేవులో కట్టేసి ఉంటాయి. అప్పుడు వచ్చారు పుష్పరాజు మాస్టారు. ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. పెద్ద ఓడలతో మాట్లాడాలంటే ఇంగ్లీషు తప్పదు. అందుకని పడవ డ్రైవర్లకు ఆయన పాఠాలు మొదలుపెట్టారు. కొర్లయ్యకు పడవ మీదే పాఠం. పక్కన ఎర్రయ్య వల కుడుతూ వినేవాడు.

పేర్లు, దిక్కులు, అంకెలు కొర్లయ్య ఇట్టే పట్టేశాడు. 'ఇఫ్' దగ్గర ఆగిపోయాడు.

"ఇది జరిగితే అది అవుతుంది అని చెప్పడమే. ఏదీ, నాతో అను. ఇఫ్ ది బోట్ సింక్స్, వి విల్ డై," అన్నారు మాస్టారు.

కొర్లయ్య అర్థం అడిగాడు. మాస్టారు చెప్పారు. వెంటనే కొర్లయ్య మైకు నా పక్కన పెట్టేశాడు.

"పడవ మునిగిపోతాదని నా నోటితో నన్నే అనమంతారేటి? పైన తథాస్తు దేవతలుంటారు మాస్టారూ. మన మాటలన్నీ ఇంతారు."

"బావా, అది ఇంగిలీసు. ఆళ్లకి తెలీదులే," అని నవ్వాడు ఎర్రయ్య.

"మాస్టారికొచ్చింది. దేవతలకి రాదేటి?"

మాస్టారు కూడా నవ్వారు. కొర్లయ్య నవ్వలేదు. అతని అన్న ఓసారి పడవెక్కుతూ, "నాను రాకపోతే పిల్లల్ని సూసుకోరా" అని తమాషాకి అన్నాడట. ఆ పడవ తిరిగి రాలేదు. సముద్రం ఎందుకు మింగిందో ఎవరికీ తెలియదు. కొర్లయ్యకు మాత్రం తెలుసు, ఆ మాటే మింగింది.

మాస్టారు వదల్లేదు. "ఓడ మీదికొస్తుంటే ఏమంటావు? ఇఫ్ యు డోంట్ టర్న్, వి విల్ డై. అలా అంటేనే వాడికి భయం పుడుతుంది."

కొర్లయ్య చాలాసేపు ఆలోచించి తనదైన వాక్యం కట్టాడు. "ఇఫ్ యు టర్న్, వి విల్ లివ్."

"వాక్యం తప్పు కాదయ్యా. కానీ వినేవాడికి ప్రమాదం కనపడదు," అన్నారు మాస్టారు. కొర్లయ్య మారలేదు.

నిషేధం ముగిసింది. పడవలు కదిలాయి. ఒక మధ్యాహ్నం, తీరం కనపడనంత దూరంలో, వాన తెరలా దిగింది. అదే సమయంలో వల పడవ అడుగున తిరిగే ఫ్యానుకు చుట్టుకుంది. ఇంజను ఆగింది. ఎర్రయ్య నడుముకు తాడు కట్టుకుని, పళ్ల మధ్య కత్తి పట్టుకుని, పడవ కిందకు మునిగాడు.

అప్పుడు వాన తెర చీల్చుకుని ఓడ ముక్కు కనపడింది. సూటిగా మా మీదికే.

కొర్లయ్య మైకు లాక్కున్నాడు. "షిప్, షిప్! ఇఫ్ యు టర్న్, వి విల్ లివ్!"

అవతలి గొంతు తాపీగా ఉంది. "సే అగైన్?"

మళ్లీ అదే అన్నాడు. "వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్?" అంది గొంతు. ఓడ పెరుగుతోంది. పడవ అంచున తాడు వణుకుతోంది. ఆ తాడు చివర ఎర్రయ్య ఉన్నాడు.

మైకు పట్టుకున్న చేతి చెమట నాకు తెలిసింది. కొర్లయ్య కళ్లు మూసుకుని అరిచాడు.

"ఇఫ్ యు డోంట్ టర్న్, మై బ్రదర్ విల్ డై!"

తర్వాత హారన్. ఆ కొండంత ఇనుము మెల్లగా, మరీ మెల్లగా పక్కకు తిరిగి, మమ్మల్ని దాటిపోయింది. దాని అల మా పడవను ఎత్తి కుదేసింది. ఎర్రయ్య ఉప్పునీళ్లు కక్కుతూ పైకొచ్చాడు. "ఏటైంది బావా?" అన్నాడు. కొర్లయ్య అతన్ని పడవలోకి లాగాడు.

ఒడ్డు చేరగానే, "రేపట్నించి నువ్వు రాకు," అన్నాడు. కారణం చెప్పలేదు. ఎర్రయ్య తిట్టాడు, బతిమాలాడు, చివరకు మాటలు మానేశాడు. ఐసు ఫ్యాక్టరీలో కూలికి చేరాడు. సముద్రం తప్ప మరో పని ఎరగని మనిషి రోజంతా గట్టు మీద ఐసు కొడుతూ, వెళ్లిపోయే పడవల్ని చూసేవాడు.

మరుసటి నిషేధం రోజుల్లో పడవకు కొత్త సెట్టు వచ్చింది. నా ఏంటెనా కొర్లయ్యే స్వయంగా విప్పాడు. పాఠాలకు పనికొస్తానని నన్ను మాస్టారి గదికి తెచ్చాడు. గదిలో ఎర్రయ్య ఉన్నాడు. మరో పడవకు డ్రైవరుగా పోదామని పాఠాలకు వస్తున్నాడు.

ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. మాస్టారికి విసుగొచ్చింది. "ఏమిటయ్యా మీ గొడవ?"

కొర్లయ్య నేల చూస్తూ చెప్పాడు. "ఆ దినం ఆడి సావు మాట నా నోటంట ఒచ్చింది మాస్టారూ."

"ఓడ తిరిగింది కదా. ఆ మాట అక్కడితో అయిపోయింది."

"మీకు అయిపోయింది. పైన ఇన్నోళ్లకో?"

ఎర్రయ్య అతని వైపు తిరిగాడు. "అందుకా బావా, ఏడాదిగా నన్ను గట్టుమీద ఎండబెట్టినావు?" అన్నాడు. తర్వాత మెల్లగా వచ్చి నా మైకు అందుకున్నాడు. కొర్లయ్య కళ్లలోకే చూస్తూ, ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నాడు.

"ఇఫ్ యు డోంట్ టేక్ మి, యు విల్ డై."

కొర్లయ్య ఒక్క దూకున వచ్చి అతని నోరు మూశాడు. అప్పటికే వాక్యం పూర్తయింది. ఎర్రయ్య ఆ చెయ్యి తీయలేదు. కొర్లయ్యా తీయలేదు. మాస్టారు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

ఆ మాట నన్ను దాటి ఎక్కడికీ పోలేదు. ఏంటెనా లేని సెట్టు గోడతో సమానం. ఆ సంగతి కొర్లయ్యకు తెలుసు. అయినా నిషేధం ముగిసిన తెల్లారి, ఐసు ఫ్యాక్టరీకి తనే వెళ్లి, బావమరిదిని చెయ్యి పట్టుకుని పడవ దాకా తీసుకెళ్లాడట.